కూలిన వేప, చింత, మామిడి దుంగలు: ఎండాక కోయించాలా, కోయించాక ఎండబెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: కరీంనగర్ దగ్గర మీ పొలంలో మొన్న మే నెల గాలిదుమారానికి ఒక వేప, ఒక చింత, ఒక మామిడి కూలిపోయాయి. వాటిని మందపాటి పలకలుగా కోయించి, ఆరబెట్టి, ఇంటి ముందు ఆరుబయట రెండు బెంచీలు, పది మంది కూర్చుని తినేంత పెద్ద బల్ల చేయించాలని మీ ఆలోచన. ఎంత మందం కోయించాలి, ఎన్నాళ్లు ఆరాలి, వానకూ చెదలకూ తట్టుకోవాలంటే పైన ఏం పూయాలి అని అడిగారు. ఊళ్లో వాళ్లు "దుంగల్ని ఓ ఏడాది అలాగే పడేసి ఉంచండి, బాగా ఎండాక కోయించుకోవచ్చు" అన్నారని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. దుంగల్ని అలా ఎండనివ్వకండి, వీలైతే ఈ నెలలోనే కోయించేయండి. రెండున్నర అంగుళాల మందం పెట్టించండి. కోసిన రోజే రెండు చివరలకూ పూత వేసి, నీడలో, పలకల మధ్యలో సన్నటి కర్ర బద్దలు పెట్టి గాలి ఆడేలా పేర్చండి. జూన్‌లో పేరిస్తే వేప వచ్చే మార్చికల్లా బయటి పనికి సరిపడా ఆరుతుంది, చింతకు ఇంకో మూడు నాలుగు నెలలు ఎక్కువ పట్టవచ్చు. మామిడిని మాత్రం ఆరుబయటకు వాడొద్దు. ఇక పైపూత సంగతి, అందరూ దాని గురించే ఎక్కువ టెన్షన్ పడతారు గానీ, ఆరుబయట చెక్కను ఏళ్ల తరబడి నిలబెట్టేది ముందు చేవ, ఆ తర్వాత నీరు నిలవకుండా చేసిన పనితనం. పాలిష్ మూడోది. చేవ అంటే దుంగ నడుమ ముదురు రంగులో ఉండే గట్టి భాగం, దాని చుట్టూ బెరడు లోపల లేత రంగులో ఉండేది తెల్ల చెక్క. ఈ రెంటికీ తేడా చూసుకోగలిగితే మీ పనిలో సగం అయిపోయినట్టే.

మాది రాజమండ్రి పక్కన కోత మిల్లు, నాన్నగారి కాలం నుంచీ ఇదే పని. భద్రాచలం వైపు అడవుల టేకును తెప్పలుగా కట్టి గోదావరి మీద దింపిన రోజుల గురించి పెద్దవాళ్లు చెబుతుంటే విని పెరిగాం. ఇప్పుడు మా దగ్గరకు వచ్చే పనిలో ఎక్కువ భాగం మీలాంటి వాళ్లదే, సొంత చెట్టు పడిపోయింది, కట్టెల కింద అమ్మేయడానికి మనసొప్పక తీసుకొస్తారు. నాకు ఈ పని ఇష్టం కూడా, యాభై అరవై ఏళ్లు నిలబడ్డ వేప చెట్టు ఇటుక బట్టీకి పోతుంటే చూడలేను.

దుంగను అలాగే ఎందుకు ఎండబెట్టకూడదో చెబుతాను, ఎందుకంటే ఈ సలహా ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. పచ్చి చెక్కలో నీళ్లు చాలా ఉంటాయి, ఎండిన చెక్క బరువుతో పోలిస్తే సగానికి పైనే. అందులో మొదట పోయేది గొట్టాల్లాంటి కణాల లోపల ఖాళీగా ఉన్న నీరు, అది పోయినంతసేపూ చెక్క కుదించుకోదు. తేమ దాదాపు 28, 30 శాతానికి దిగాక కణాల గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అప్పుడే చెక్క ముడుచుకుంటుంది. పైగా అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. దుంగ చుట్టూ వలయాల వెంట ముడుచుకునేది, నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, పొడవులో అయితే లెక్కలోకి రానంత తక్కువ. గుండ్రటి దుంగ గుండ్రంగానే ఎండితే ఆ తేడా ఎక్కడికీ పోలేక బెరడు నుంచి నడిబొడ్డు దాకా పెద్ద బీట పడుతుంది. అలా బీటలు పడ్డ దుంగలో వెడల్పాటి పలక ఇక రాదు. అదీ కాక బెరడుతో ఉన్న దుంగ వానాకాలం అంతా నేల మీద పడి ఉంటే బయటివైపు బూజు, పురుగు, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. ఏడాది తర్వాత కోయించినా లోపలి పలకను మళ్లీ మొదటి నుంచి ఆరబెట్టుకోవాల్సిందే, కాబట్టి ఆ ఏడాది వృథా.

దుంగలు కోసేటప్పుడు ఒక్క జాగ్రత్త. వేళ్లతో పెకలించుకుని పడ్డ చెట్టు మొదలు కోయగానే ఆ వేళ్ల ముద్ద ఒక్కసారిగా లేచి గుంతలోకి వెనక్కి పడుతుంది. ఆ గుంతలోగానీ, వేళ్ల వెనకగానీ ఎవరినీ, ముఖ్యంగా పిల్లల్ని ఉండనివ్వకండి. చెయిన్ సా పట్టే మనిషి అనుభవం ఉన్నవాడై ఉండాలి, డబ్బు మిగులుతుందని కొత్తవాళ్లతో చేయించకండి.

అనుమతి సంగతి: చెట్లు కొట్టడం మీద 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, కలపను లారీలోనో ట్రాక్టర్ మీదనో తరలించడానికి అటవీ శాఖ అనుమతి వేరే. కొన్ని జాతులకు మినహాయింపులు ఉంటాయి. గాలికి పడిపోయిన సొంత చెట్టే అయినా, పడి ఉన్నప్పుడే ఫోటోలు తీసి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడిగి కాగితం తీసుకోండి. లైసెన్సు ఉన్న మిల్లు వాళ్లు ఎలాగూ అడుగుతారు. అడగని మిల్లుకు వెళ్లకండి.

మిల్లుకు పంపే ముందు దుంగలో ఇనుము ఉందేమో చూడండి. పొలం గట్టు చెట్లకు కంచె తీగ చుట్టి మేకులు కొడతారు, ఆ మేకును చెట్టు కొన్నేళ్లలో మింగేస్తుంది. రంపం పట్టీ ఒక్క మేకుకు తగిలితే పాడైపోతుంది, మనుషులకూ ప్రమాదం. చివర కోతలో నీలం నలుపు మచ్చ కనబడితే లోపల ఇనుము ఉందని అనుమానించాలి. చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్ చాలా మిల్లుల్లో ఉండదు, దొరికితే నేల నుంచి ఐదారు అడుగుల ఎత్తు వరకూ ఉన్న భాగాన్ని దానితో చూడండి, మేకులు ఎక్కువగా ఉండేది అక్కడే.

దుంగను ఎంత పొడవు ముక్కలుగా కోయించాలి అంటే, మీకు కావలసిన బెంచీ పొడవుకు ఒక అడుగు కలుపుకోండి. ఆరు అడుగుల బెంచీకి ఏడడుగుల దుంగ. రెండు చివరలా ఎంత పూత వేసినా కొంత పగులు వస్తుంది, తర్వాత కోసేయాలి. మొండెం నేరుగా ఉన్న భాగమే పలకలకు వాడండి. వంగి పెరిగిన మొండెం, పక్కకు చాచిన పెద్ద కొమ్మ ఎంత లావున్నా పలకలకు వద్దు, లోపల బిగువు వల్ల కోస్తుండగానే మెలి తిరుగుతుంది. వాటిని కాళ్లకో గుంజలకో ఉంచుకోండి.

కోత కూలి ఎలా లెక్కేస్తారో కూడా తెలిసి ఉంటే మంచిది. మధ్యలో చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి పొడవుతో హెచ్చిస్తారు. ఆరడుగుల చుట్టుకొలత, ఏడడుగుల పొడవు ఉన్న దుంగ అయితే ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నర ఇంటూ ఏడు, అంటే 15.75 ఘనపుటడుగులు. దుంగలో నిజంగా ఉన్న చెక్క 20 ఘనపుటడుగులు, అంటే ఈ లెక్క ఐదో వంతు తక్కువే చూపిస్తుంది, ఆ తేడా కోతలో పోయే పొట్టుకూ అంచు చెక్కలకూ అనుకోండి. ఆ దుంగ అడ్డం దాదాపు 23 అంగుళాలు ఉంటుంది, రెండున్నర అంగుళాల పలకలు పక్క చెక్కలు పోగా ఆరేడు వస్తాయి.

మందం రెండున్నర ఎందుకన్నానంటే, ఆరినప్పుడు తగ్గేది కొంత, కొద్దిగా వంపు వస్తే చిత్రిక పట్టడంలో పోయేది కొంత, చివరికి రెండు అంగుళాలు చేతికి రావాలి. మూడు నాలుగు అంగుళాలు కోయించాలన్న ఆశ చాలామందికి ఉంటుంది, ఫోటోల్లో అందంగా ఉంటుంది నిజమే, కానీ మందం రెట్టింపు అయితే ఆరే సమయం రెట్టింపు కంటే ఎక్కువే అవుతుంది, పగుళ్ల ప్రమాదం కూడా పెరుగుతుంది. బరువు కూడా చూడండి, ఆరడుగుల పొడవు, ఇరవై అంగుళాల వెడల్పు, రెండున్నర మందం ఉన్న పచ్చి చింత పలక అరవై కిలోల పైనే తూగుతుంది.

ఇక నడిబొడ్డు. దుంగను పై నుంచి కింది దాకా పలకలుగా తీసుకుంటూ పోతే నడుమ ఒక పలకలో బొడ్డు పడుతుంది. ఆ పలక అలాగే ఉంచితే బొడ్డు వెంట తప్పకుండా చీలుతుంది, ఏ పూతా దాన్ని ఆపలేదు. మిల్లులోనే ఆ పలకను బొడ్డు దగ్గర నిలువునా రెండుగా చీల్చి, బొడ్డు ముక్క తీసేయించండి. వచ్చే రెండు సన్నటి పలకలే మొత్తం దుంగలో నిలకడైనవి, వంపు తిరగవు. బల్లకు పక్కపక్కన పేర్చడానికి అవి వాడండి. ఒకే వెడల్పు పలక ఉండాలన్న పట్టుదల లేకపోతే నా సలహా ఇదే.

చింత మొండెం బాగా లావుంటే మామూలు మిల్లు ట్రాలీ మీద పట్టదు. అప్పుడు చెయిన్ సాకు ఫ్రేమ్ బిగించి అక్కడికక్కడే పలకలు తీసేవాళ్లు ఉన్నారు. బ్యాండ్ సా ఒక్కో కోతకు రెండు మూడు మిల్లీమీటర్లు తింటే, చెయిన్ ఎనిమిది నుంచి పది దాకా తింటుంది, అంటే నాలుగైదు కోతలకు అంగుళంపావు నుంచి దాదాపు రెండు అంగుళాల దాకా పొట్టుగా పోతుంది. వేరే దారి లేనప్పుడే ఆ పద్ధతి.

ఇప్పుడు మీ మూడు చెట్ల గురించి విడివిడిగా.

వేప మీకు దొరికిన అదృష్టం. తెలంగాణలో వేప దర్వాజాలు తరతరాలుగా నిలబడి ఉండటం మీరే చూసి ఉంటారు. చేవ ఎర్రగా, గట్టిగా ఉంటుంది, చెదలు అంత తేలిగ్గా ముట్టవు. నార అటొక పొర ఇటొక పొర అల్లుకున్నట్టు ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు పెచ్చులు లేస్తుంది, పదునైన బ్లేడు, పల్చటి కోత కావాలి. ఇక్కడ ఒక మాట పక్కన చెప్పాలి: 2021లో తెలంగాణ, ఆంధ్రల్లో శిలీంధ్రం తెగులుతో వేపలు కొమ్మలు మాడి ఎండిపోయినట్టు కనిపించాయి, చచ్చిపోయాయనుకుని కొట్టించినవాళ్లు చాలామంది, వదిలేసిన చెట్లలో చాలావరకూ మళ్లీ చిగురించాయి. నిలబడి ఉన్న వేపను ఎండిందనుకుని తొందరపడి కొట్టించకండి, పడిపోయినదాన్నే వాడుకుందాం.

చింత దగ్గర ఎక్కువమంది పొరపడతారు. చింత చేవ ముదురు ఊదారంగులో ఇనుములా గట్టిగా ఉంటుంది, కానీ మొండెంలో దాని వాటా చాలా తక్కువ, చుట్టూ ఉండే పసుపు తెలుపు చెక్కే ఎక్కువ. ఆ తెల్ల చెక్కంటే పుచ్చు పురుగుకు ప్రాణం. ఒక తోటల విడిది వాళ్లు మా దగ్గర వెడల్పాటి చింత పలకలు అంచులు సహజంగా ఉండాలని మొత్తం తెల్ల చెక్కతోనే తీసుకెళ్లి, ఆరుబయట బెంచీలు వేసుకున్నారు. ఒక వానాకాలం గడిచి ఎండ కాసేసరికి బెంచీల కింద పిండి కుప్పలు పడ్డాయి, అంచులు వేలితో నొక్కితే దిగిపోయాయి. నడుమ ఉన్న ఊదా చేవ మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది, చివరికి దాన్నొక్కటే కోసి సన్నటి బెంచీలుగా మార్చి ఇచ్చాం. కాబట్టి మీ చింత దుంగ మొదలు కోతను తడిపి చూడండి, ఊదా భాగం ఎంత వెడల్పుందో తెలుస్తుంది. అది పది అంగుళాల పైన ఉంటే బెంచీకి పనికొస్తుంది. లోపల తొర్ర ఉంటే కూడా కంగారు పడక్కర్లేదు, తొర్రకు ఇరువైపులా ఉన్న చేవ ముక్కలు బల్ల కాళ్లకు బాగుంటాయి.

మామిడి: డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు కర్ర ముక్కల్ని సగం నేలలో పాతి ఎన్నాళ్లు నిలుస్తాయో చూసి మూడు తరగతులు చేశారు. పదేళ్లు, ఆపైన నిలిచినవి మొదటి తరగతి, ఐదు నుంచి పదేళ్లు రెండోది, ఐదేళ్లు కూడా నిలవనివి మూడోది. టేకు మొదటి తరగతి, మామిడి మూడోది. దానికి బయట ఎంత పూత వేసినా డబ్బు దండగ. ఇంట్లో పెట్టుకునే బల్లకు, అరలకు మామిడి చక్కగా ఉంటుంది, ఆ నీలం నలుపు చారలు కూడా కొందరికి ఇష్టం. కానీ ఆ చారలు బూజువి, వద్దనుకుంటే మూడింటిలో మామిడినే అందరికంటే ముందు మిల్లుకు పంపండి, పడిన కొన్ని వారాల్లోనే రంగు మారిపోతుంది.

కోసిన వెంటనే బెరడు మొత్తం ఒలిచేయండి. బెరడు కింద పురుగు గుడ్లు ఉంటాయి, తేమ నిలుస్తుంది, ఎలాగూ బయట రెండేళ్లలో ఊడిపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు పార మొనతోనో ఉలితోనో సులువుగా వస్తుంది, ఎండాక చాలా కష్టం.

పుచ్చు పురుగుకు మందు కావాలంటే బోరాక్స్, బోరిక్ యాసిడ్. పది లీటర్ల వేడి నీళ్లలో మూడు వందల గ్రాముల బోరాక్స్, రెండు వందల గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి పచ్చి పలకలకు అన్ని వైపులా రెండు మూడు సార్లు దట్టంగా పట్టించండి. పలకలు పచ్చిగా ఉండగానే చేయాలి, నీటి వెంట మందు లోపలికి దిగుతుంది. పట్టించాక రెండు మూడు వారాలు పలకల్ని ఒకదాని మీద ఒకటి బద్దల్లేకుండా పేర్చి ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచండి, ఆ తర్వాత విప్పి బద్దలు పెట్టి పేర్చుకోవాలి. పట్టా కప్పేది ఆ కాసిని రోజులే. చేతులకు గ్లౌజులు వేసుకోండి, ఉప్పగా ఉంటుందని పశువులు నాకుతాయి, వాటికి అందనివ్వకండి. తినే బల్ల పైభాగానికి వెళ్లే పలకలకు ఈ మందు వాడకుండా, తెల్ల చెక్క మొత్తం కోసేయడం మేలు. ఈ మందు వానకు కరిగిపోతుంది, కాబట్టి ఆరే కాలంలో కాపాడుతుందే గానీ బయట జీవితాంతం కాపాడదు. పాతకాలంలో దుంగల్ని చెరువులో నెలల తరబడి ముంచి ఉంచేవారు, తెల్ల చెక్కలోని పిండి పదార్థం నీటిలో పోయి పురుగుకు తిండి ఉండదు. మంచి పద్ధతే, అవకాశం ఉంటే దుంగలుగా కాక పలకలుగా కోసి ముంచండి. ఆరే సమయం మాత్రం అప్పటి నుంచి లెక్కేసుకోవాలి.

చివరల పూత అదే రోజు పడాలి, మర్నాటికి వాయిదా వేయకండి. చెక్క మొదలు, తుదల నుంచి నీరు పక్కల కంటే పది రెట్లకు పైగా వేగంగా పోతుంది, అక్కడ ముందు ముడుచుకుని చీలుతుంది. మిగిలిపోయిన ఆయిల్ పెయింట్ రెండు దట్టమైన పూతలు, లేదా తారు, లేదా కరిగించిన మైనం, ఏదైనా సరే. ఏమీ లేకపోతే పేడ, ఎర్రమట్టి కలిపి మందంగా మెత్తండి, పల్లెల్లో ఎప్పటి నుంచో చేసేదే, రాలినప్పుడల్లా మళ్లీ మెత్తాలి.

పేర్చడం మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను చూసిన పాడైన పలకల్లో ఎక్కువ శాతం ఇక్కడ పాడైనవే.

చోటు: ఖాళీగా ఉన్న పశువుల కొట్టం, తాటాకు పాక, రేకుల షెడ్డు, పైకప్పు ఉండి పక్కలు తెరిచి ఉండేది ఏదైనా. తలుపులు మూసిన గది వద్దు, గాలి ఆడదు. ఆరుబయట ఎండలో అసలే వద్దు. నేల మీద ఇటుకలో సిమెంటు దిమ్మెలో పెట్టి అడుగున్నర ఎత్తులో మొదటి పలక ఉండేలా చూడండి, ఆ దిమ్మెలన్నీ మట్టం చూసి సమానంగా ఉండాలి, కింద వంకర ఉంటే పైన ఉన్న ప్రతి పలకకూ అదే వంకర వచ్చి అలాగే ఎండిపోతుంది. పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం బద్దలు, అన్నీ ఒకే మందం, ఎండిన కర్రవి, అడుగున్నర నుంచి రెండడుగుల దూరంలో. కింది నుంచి పై దాకా బద్దలు ఒకదాని మీద ఒకటి నిలువు వరసలో రావాలి, ఆ వరస కింద దిమ్మె ఉండాలి. రెండు చివరల బద్దలు పలక అంచుకు వీలైనంత దగ్గరగా. పచ్చి బద్దలు పెడితే పలక మీద నల్ల గీతలు పడతాయి, చిత్రిక పట్టినా పోవు. పైన కడప బండలో, నాలుగైదు నాపరాళ్లో బరువుగా పెట్టండి. పై పలకలు లేచేది ఆ బరువు లేకే.

మీ కరీంనగర్ మా గోదావరి కంటే పొడి ప్రాంతం, అది వరమూ, ప్రమాదమూ కూడా. మా దగ్గర వానాకాలంలో పలకలకు బూజు పట్టడం సమస్య, మీకు మార్చి తర్వాత వడగాలి సమస్య. పైపొర గబగబా ఎండి బిగుసుకుని లోపల పచ్చిగా ఉండిపోతే పైన సన్నటి పగుళ్లు వందల కొద్దీ వస్తాయి, లోపల బిగువు నిలిచిపోయి తర్వాత కోసినప్పుడు పలక రంపాన్నే పట్టేస్తుంది. అందుకే మృగశిర కార్తెలో, వానలు మొదలయ్యేటప్పుడు పేర్చడం మీకు కలిసొచ్చింది. మొదటి నాలుగు నెలలు గాలిలో తేమ ఉండి నెమ్మదిగా ఆరతాయి, దసరా తర్వాత చలిగాలి పొడిగా ఉండి మిగతా పని చేస్తుంది. వానల్లో పక్కలు పూర్తిగా తెరిచి ఉంచండి, జల్లు కొట్టే వైపు మాత్రం అడ్డం పెట్టండి. ఫిబ్రవరి చివరి నుంచి పడమటి వైపు గోనె పట్టాలు వేలాడదీయండి. చింత పలకలు రోహిణి కార్తె దాకా ఉండిపోతే ఆ గోనెలు అన్ని వైపులా కట్టండి. మందు పట్టించిన ఆ మొదటి రెండు మూడు వారాలు తప్ప ప్లాస్టిక్ పట్టాతో చుట్టేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, రాత్రి లోపల నీరు పట్టి పలకలకు బూజు వస్తుంది. చెదల కోసం నెలకోసారి దిమ్మెల మీద మట్టి గొట్టాలు పాకాయేమో చూసి గీకేయండి.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది అంటే, తేమ మీటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, కానీ సూదులు గుచ్చే చిన్న మీటర్ పైపొరనే చెబుతుంది, రెండున్నర అంగుళాల పలక లోపల సంగతి చెప్పదు. నేను తూకాన్నే నమ్ముతాను. కోసిన రోజే అదే చెట్టు పలకలోంచి నాలుగడుగుల ముక్క ఒకటి నమూనాగా పక్కన పెట్టి, దాని కొస నుంచి ఒక అంగుళం ముక్క కోయండి, పలక చివర నుంచి కాక కనీసం అడుగు లోపలి నుంచి తీసుకున్నదై ఉండాలి. ఆ చిన్న ముక్కను వంటింటి కాటా మీద తూచి, 100 నుంచి 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకూ ఎండబెట్టండి. ఉదాహరణకు పచ్చిగా 620 గ్రాములు, పూర్తిగా ఎండాక 400 గ్రాములు అనుకోండి, తేడా 220ని 400తో భాగిస్తే 55 శాతం తేమ. ఇప్పుడు నమూనా పలక రెండు చివరలకూ పూత వేసి తూచండి. పచ్చిగా 31 కిలోలు ఉంటే దాన్ని 1.55తో భాగిస్తే 20 కిలోలు అసలు చెక్క. 15 శాతం తేమకు అది 23 కిలోలు తూగాలి. ఆ పలకను మిగతా వాటి మధ్యలోనే పెట్టి నెలకోసారి తీసి తూచండి, 23 దగ్గరికి వచ్చిన రోజు మీ పలకలు తయారు. "అంగుళానికి ఏడాది" అనే లెక్క చల్లటి దేశాలది, మన ఎండలకు అంత పట్టదు, కానీ క్యాలెండర్ చూసి కాక తూకం చూసే పని మొదలుపెట్టండి.

యంత్రంలో వేడి పెట్టి ఆరబెట్టించాలా అని అడుగుతారు చాలామంది. ఏసీ గదిలో పెట్టే బల్లకు పది శాతం లోపు తేమ కావాలి, అక్కడ అవసరమే. ఆరుబయట ఉండే బెంచీ మళ్లీ వానాకాలంలో తేమ పీల్చుకుంటుంది, 12 నుంచి 15 శాతం దాకా ఆరితే చాలు. పచ్చి మందపాటి పలకను నేరుగా యంత్రంలో పెట్టించడం మాత్రం వద్దు, పగిలిపోతాయి. లోపల పురుగు ఉందని అనుమానం ఉంటే, గాలికి ఆరిన తర్వాత వేడి చేయించండి. చెక్క నడుమ దాకా 56 డిగ్రీలు అరగంట పాటు ఉంటే పురుగులు చస్తాయి, ఎగుమతి పెట్టెల కర్రకు ప్రపంచమంతా వాడే కొలత అదే.

బెంచీ తయారీలో కొన్ని విషయాలు వడ్రంగికి ముందే చెప్పండి. చెక్క కాళ్లు నేలకు తగలకూడదు, రాతి దిమ్మె మీదో, ఇనప బూటు మీదో ఉండాలి, కాళ్ల అడుగు భాగానికి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) రెండు పూతలు వేయించండి, నీరు పీల్చుకునేది అక్కడి నుంచే. కూర్చునే పలకకు కొద్దిగా వాలు ఉండాలి, అడుగుకు పావు అంగుళం చాలు, కూర్చున్నవాళ్లకు తెలియదు, నీరు మాత్రం జారిపోతుంది. బల్లకు పలకల్ని అతికించి ఒకటి చేయకండి, మధ్యలో అర అంగుళం సందు వదలండి. ఇరవై అంగుళాల పలక ఏడాదిలో ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య స్పష్టంగా కనబడేంత పెరిగి తగ్గుతుంది, అందుకే కింద ఇనప ఫ్రేమ్‌లో గుండ్రటి బెజ్జాలు కాకుండా పొడుగాటి బెజ్జాలు వేయించి బోల్టు బిగించాలి. గట్టిగా నాలుగు మూలలా బిగించేస్తే పలక నడుమ చీలుతుంది. స్క్రూలు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. మామూలు ఇనుము తడి చెక్కలో తుప్పు పట్టి చుట్టూ నల్ల మచ్చ చేస్తుంది, బెజ్జం వదులవుతుంది. పగుళ్లలో ఎపాక్సీ పోసి మెరిసే బల్లలు చేస్తున్నారు చూశారా, అవి ఇంట్లోకి. ఎండకు ఆ ఎపాక్సీ పచ్చబడుతుంది, పక్కన చెక్క కదులుతుంటే ఊడి వస్తుంది.

ఇప్పుడు పూత. ఎండిన వేప చేవకు ఏమీ పూయకపోయినా ఫర్వాలేదు, రెండేళ్లలో బూడిద రంగుకు మారుతుంది, బలం తగ్గదు. ఎడ్లబండ్లకు ఎవరూ పాలిష్ వేయలేదు, ఏళ్ల తరబడి వానల్లో ఎండల్లో తిరిగాయి. రంగు నిలవాలనుకుంటే లోపలికి ఇంకే నూనె పూతలు వాడండి, బయటి వాడకానికని డబ్బా మీద రాసి ఉన్నవి, ఏటా వానలకు ముందు ఒకసారి తుడిచి మళ్లీ పూస్తే చాలు. గాజులా మెరిసే పూత బయట బాగుండదు, ఎక్కడో చిన్న పగులు పడితే నీరు లోపలికి వెళ్లి ఆరలేక పూత కింద చెక్క నల్లబడుతుంది, తర్వాత మొత్తం గీకాలి. ఇంట్లోకి వాడే మెలమైన్ పాలిష్ అసలు పనికిరాదు. అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డల్ని ముద్దగా పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి ఆరేసి తర్వాత పారేయండి. ఇంజిన్ ఆయిల్ పూయమని ఊళ్లో చెబుతారు, కంచె గుంజలకు సరే గానీ, పిల్లలు కూర్చునే బెంచీకి, అన్నం తినే బల్లకు అది ముట్టనివ్వకండి.

మామిడిని రేపే మిల్లుకు పంపండి, వేప ఆ తర్వాత, చింత చివర. మూడు దుంగల చుట్టుకొలతలు, చింత మొదలు కోతను తడిపి తీసిన ఫోటో ఇక్కడ పెడితే ఏ దుంగలో ఎన్ని పలకలు వస్తాయో, బల్లకు ఏవి, బెంచీలకు ఏవి పక్కన పెట్టాలో లెక్కేసి చెబుతాను.